బుడ్డోడి లెక్క వేరు

ఆ జబ్బును మా ఇంట్లో అందరికంటే ముందు చీమలు కనిపెట్టాయి.

సంక్రాంతి వెళ్లిన వారానికి, వరండా మూలన బుడ్డోడి కోసం ఇసుక పోసి పెట్టిన టబ్బు చుట్టూ చీమలు బారు కట్టాయి. అమ్మ చీపురు పక్కన పెట్టి కాసేపు అట్లాగే చూసింది. పన్నెండేళ్లుగా షుగరుతో కాపురం చేస్తున్న మనిషి. "పాపా, వీడు ఉచ్చ పోసిన కాడ చీమలు పట్టినాయి సూడు. వీనికీ నా జబ్బే వచ్చిండాది" అంది. నేను నమ్మలేదు. పిల్లికి షుగరు వస్తుందని నేనెక్కడా వినలేదు.

తర్వాత ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. మా ఎదుట ఎన్నడూ నీళ్లు తాగని వాడు, నెల రోజులుగా బాత్రూములో బకెట్ అంచున ముందు కాళ్లు పెట్టి వంగి తాగుతున్నాడు. గిన్నె నాకి నాకి మళ్లీ అడుగుతున్నాడు, అయినా వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. నాలుగేళ్ల కిందట ఊరి బయట చెనిక్కాయ కట్టె వామిలో దొరికిన గుప్పెడు పిల్ల, మా ఇంటి తిండికి ఆరున్నర కిలోలైంది. ఇప్పుడు తూస్తే ఐదుంపావు. అన్నింటికన్నా నన్ను భయపెట్టింది నడక. పిల్లి వేళ్ల మీద నడుస్తుంది. వీడు వెనక కాళ్లను మడమల దాకా నేలకు ఆనించి, ముసలి కుందేలులా ఈడుస్తున్నాడు. గోడెక్కబోయి రెండుసార్లు జారిపడ్డాడు. రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే కాళ్ల నరాలు దెబ్బతిని ఇలా అవుతుందని ఆ తర్వాత తెలిసింది. అమ్మ అరికాళ్ల తిమ్మిరికి, వాడి నడకకు మూలం ఒకటే.

చీమలు చేరే తీపి మూత్రాన్ని చూసే మన పాత వైద్యులు ఈ జబ్బును మధుమేహమన్నారు. ఆ గుర్తు పిల్లి విషయంలో ఇంకో సంగతి కూడా చెబుతుంది. మనిషి రక్తంలో చక్కెర డెసీలీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని బయటికి వదలడం మొదలుపెడతాయి. పిల్లి మూత్రపిండాలు ఇంకా ఓర్చుకుంటాయి, 250 పైచిలుకు దాకా. అంటే పిల్లి ఇసుకలో చీమలు కనిపించేసరికి వ్యవహారం చాలా దూరం వెళ్లి ఉంటుంది. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు చీమల కోసం ఆగకండి. తాగే నీళ్లను ఒక రోజంతా కొలిచి చూడండి. కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు దాటుతోందంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. కొన్ని ఇళ్లలో ఈ అనుమానం ఇంకాస్త ముందే రావాలి: బొద్దుగా ఉన్న మగపిల్లి, సంతానం కలగకుండా ఆపరేషన్ అయిన పిల్లి, వయసు మళ్లిన పిల్లి, దురదకో దగ్గుకో స్టెరాయిడ్ సూదులు పడిన పిల్లి.

మా కదిరిలో పశువైద్యమంటే ఆవులు, ఎనుములు, గొర్రెలు, మేకలు. పిల్లిని సంచిలో పెట్టుకుని వెళ్లిన నన్ను అక్కడ గొర్రెల కాపరులు వింతగా చూశారు. ఆటోలో అరుచుకుంటూ వచ్చిన బుడ్డోడికి అక్కడ రక్తం తీస్తే 412 వచ్చింది. డాక్టరుగారు ఆ అంకెను వెంటనే నమ్మలేదు. బెదిరిన పిల్లికి జబ్బు లేకపోయినా చక్కెర 300 దాటగలదట. అందుకే ఫ్రక్టోజమీన్ అనే పరీక్షకు రక్తం పంపారు. అది గడిచిన ఒకటి రెండు వారాల సగటును చూపిస్తుంది, ఆ పూట భయం దాన్ని మార్చలేదు. అదీ ఎక్కువగానే వచ్చాక, తిరుపతి పశువైద్య కళాశాలలో తనతో చదివిన మిత్రుడికి ఫోన్ చేసి, నా ముందే చాలాసేపు మాట్లాడి, మందు రాశారు. గ్లార్జిన్ ఇన్సులిన్, ఒక యూనిట్, పన్నెండు గంటలకోసారి. మనుషులకు రోజుకు ఒక్కసారి సరిపోయే ఈ మందు పిల్లి ఒంట్లో తొందరగా ఖర్చైపోతుంది, అందుకే రెండు పూటలా. మొదటి మోతాదు చిన్నది, దాన్ని పెంచడమైనా తగ్గించడమైనా నన్నడిగే చేయాలి అని రెండుసార్లు చెప్పి పంపారు.

ఎర్ర మూత, నారింజ మూత

ఇక్కడ మా ఇంట్లో జరిగిన పొరపాటు చెప్పాలి. ఇది చదివిన ఒక్క ఇంట్లోనైనా అది జరగకుండా ఆగితే చాలు.

మన దేశంలో సీసాల్లో అమ్మే ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. ఒకటి మిల్లీలీటరుకు 40 యూనిట్లది, రెండోది 100 యూనిట్లది. నలభైకి ఎర్ర మూత సిరంజి, వందకు నారింజ మూత సిరంజి. అమ్మ వాడేది 40. పాలు కలిపిన నీళ్లలా తెల్లగా ఉంటుంది, అరచేతుల మధ్య దొర్లించి వాడాలి. బుడ్డోడి గ్లార్జిన్ 100. మంచినీళ్లలా తేటగా ఉంటుంది, మబ్బుగా మారితే పారేయాలి. కొత్త సీసా కొన్నప్పుడు షాపులో అలవాటు కొద్దీ రోజూ మేం కొనే ఎర్ర మూత సిరంజీలే కట్టిచ్చారు. నేను కూడా అలవాటు కొద్దీ తెచ్చుకున్నాను. ఎర్ర సిరంజిలో ఒకటో గీత దాకా లాగాను.

ఎర్ర సిరంజిలో ఒక గీత అంటే 0.025 మిల్లీలీటరు. 100 బలం మందును అంత లాగితే లోపలికి వచ్చేది రెండున్నర యూనిట్లు. డాక్టరు రాసిన దానికి రెండున్నర రెట్లు.

రెండు రోజులు, నాలుగు సూదులు పడ్డాయి. రెండో రాత్రి పదకొండు గంటలప్పుడు మంచం కింద ఏదో తగిలిన చప్పుడైతే వంగి చూశాను. బుడ్డోడు గోడకు తల ఆనించి తూలుతున్నాడు. కళ్లు ఇంతింత నల్లగా విప్పారి ఉన్నాయి, పిలిస్తే నన్ను చూడడం లేదు, మెడ దగ్గర కండ అదురుతోంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అమ్మ మాత్రం ఒక్క చూపుతో పోల్చుకుంది. "లో అయ్యిండాది. తేనె సీసా తే" అంది. గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకని వేలికి తేనె రాసుకుని వాడి చిగుళ్లకు రుద్దింది. మళ్లీ రుద్దింది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే అదే చేయమన్నారు. తల నిలిపి మింగగలిగినప్పుడు తిండి పెట్టమని, రాత్రంతా కనిపెట్టుకుని ఉండమని, తెల్లారగానే తీసుకురమ్మని చెప్పారు. పావుగంటకు వాడు అమ్మ వేలు నాకాడు. ఆ రాత్రి మేం ముగ్గురం వంటింటి నేల మీదే ఉన్నాం. తేనె ఎక్కించిన చక్కెర కాసేపే నిలుస్తుంది, లోపలి మందు మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంటుందని అమ్మకు అనుభవం. అందుకే ఎవరమూ నిద్రపోలేదు.

పొద్దున డాక్టరుగారు సిరంజి చూపించమన్నారు. చూడగానే అర్థమైపోయింది ఆయనకు.

దీనికి తలకిందుల పొరపాటు కూడా ఉంది. అది నెమ్మదిగా చంపుతుంది. 40 బలం మందును నారింజ సిరంజితో తీస్తే ఒక గీతకు 0.4 యూనిటే వస్తుంది. షుగరు దిగదు. మోతాదు సరిపోలేదని పెంచుకుంటూ పోతారు. ఏదో ఒక రోజు షాపువాళ్లు సరైన సిరంజి ఇస్తారు. పెంచిన లెక్క మొత్తం ఆ రోజు ఒక్కసారిగా పిల్లి మీద పడుతుంది.

అమ్మ పొద్దున 22 యూనిట్లు వేసుకుంటుంది. ఆమెకు ఒక యూనిట్ అటూ ఇటూ అయితే పెద్ద తేడా రాదు. బుడ్డోడి ఒక్క యూనిట్ అంటే 0.01 మిల్లీలీటరు, చుక్కలో ఐదో వంతు. అక్కడ వెంట్రుకవాసి తప్పినా సగం మోతాదు తప్పినట్టే. ఇప్పుడు మేం వాడేవి అర యూనిట్ గీతలున్న సన్న సిరంజీలు, అడిగి తెప్పించుకున్నాం. అమ్మ మందు ఫ్రిజ్‌లో కింది అరలో స్టీలు డబ్బాలో ఉంటుంది. బుడ్డోడిది పై అరలో, పసుపు దారం కట్టిన డబ్బాలో. ఎవరి సిరంజీలు వాళ్ల డబ్బాలోనే.

చెవి అంచున

ఆ రాత్రి తర్వాత, షుగరు చూడకుండా సూది వేయకూడదని నిర్ణయించుకున్నాం. గ్లూకోమీటర్ ఇంట్లో ఉండనే ఉంది. కదిరిలో మీటరు లేని వీధి లేదిప్పుడు. కానీ పిల్లికి వేలెక్కడుంది?

చెవి ఉంది. చెవి బయటి అంచు వెంట సన్నటి రక్తనాళం వెలుతురులో లేత గీతలా కనిపిస్తుంది. ముందు గుడ్డను గోరువెచ్చటి నీళ్లలో పిండి అర నిమిషం చెవికి అద్దాలి. చల్లటి చెవి రక్తం ఇవ్వదు. అంచున చిటికెడంత వాజ్‌లైన్ రాస్తే చుక్క వెంట్రుకల్లో పాకిపోకుండా ముత్యంలా నిలుస్తుంది. చెవి వెనక దూది మడత పెట్టి, నాళానికీ అంచుకూ మధ్య గుచ్చాలి. స్ట్రిప్ అంటించాక దూదితో అర నిమిషం నొక్కిపట్టాలి. వెంటనే ఉడికించిన కోడిమాంసం ముక్క. మొదటి వారం నాకు చేతులు వణికేవి, పదిసార్లు గుచ్చితే నాలుగుసార్లు చుక్క వచ్చేది. మూడో వారానికి మీటరు తీసిన చప్పుడు వినగానే బుడ్డోడే వచ్చి చాప మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ ముక్క కోసమని తెలుసు. అయినా వచ్చి కూర్చున్నాడు కదా అని నా గుండె నిండింది.

మనుషుల మీటరు పిల్లి రక్తాన్ని సాధారణంగా ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. పిల్లి రక్తంలో చక్కెర దాదాపుగా ద్రవంలోనే ఉంటుంది, ఎర్రకణాల్లో ఉండేది కొంచెమే. మన రక్తంలో పంపకం వేరు, మీటరుకు తెలిసింది మన లెక్కే. జంతువుల కోసం చేసిన మీటర్లు వేరే ఉన్నాయి. అవి దొరక్కపోతే మనుషులదే వాడవచ్చు. అయితే ఎప్పుడూ అదే మీటరు వాడాలి, ఏ మీటరో డాక్టరుకు చెప్పాలి. ఇవాళ ఒకటి, రేపు ఒకటి వాడితే ఆ అంకెలను పోల్చలేం.

మాకు డాక్టరుగారు పెట్టిన నియమం ఇది: సూదికి ముందు చూస్తే 200 కంటే తక్కువ వచ్చిందా, వేయొద్దు, ఫోన్ చేయండి. తిండి ముట్టకపోయినా అంతే. సూది తోలులోకి వెళ్లిందో, వెంట్రుకల మీద కారిపోయిందో అనుమానమొస్తే రెండోసారి పొడవకూడదు. ఒక పూట తప్పిపోతే తర్వాతి పూట రెండింతలు వేయకూడదు. ఒక పూట షుగరు పెరిగితే దిద్దుకోవచ్చు. మందు ఎక్కువై షుగరు పడిపోతే దిద్దుకునే వ్యవధి ఉండకపోవచ్చు. మార్చిలో రథోత్సవం నాడు ఈ మాట మాకు అక్కరకొచ్చింది. ఖాద్రీ నరసింహుడి తేరు కదిలే రోజు ఊరు ఊరంతా వీధుల్లోనే. డప్పులకు బెదిరి బుడ్డోడు బియ్యపు డ్రమ్ము వెనక దూరి సాయంత్రం ఏడింటి దాకా రాలేదు. పొద్దున వేయాల్సిన సూది వదిలేశాం. రాత్రి మామూలు మోతాదే వేశాం.

పదిహేను రోజులకోసారి ఒక పగలంతా రెండు గంటలకోసారి గుచ్చి రాసుకుంటాం. దాన్ని గ్లూకోజ్ కర్వ్ అంటారు. సూదికి ముందు అంకె ఎంత అన్నదాని కంటే, మధ్యలో ఎంత లోతుకు దిగింది, ఎన్నో గంటకు దిగింది అన్నవి ముఖ్యం. ఆ లోతును చూసే మోతాదు నిర్ణయిస్తారు. ఆసుపత్రిలో పంజరంలో పెట్టి గీసే కర్వ్‌లో సగం భయమే ఉంటుంది. ఇంట్లో చాప మీద తీసిన అంకెల్లో పిల్లి కనిపిస్తుంది. నాకు ఒక దురాశ ఉండేది. పొద్దున 320 వస్తే ఇంకో అర యూనిట్ వేద్దామనిపించేది. గ్లార్జిన్ ఒంట్లో కుదురుకోవడానికి రోజులు పడుతుంది, ఒక్క అంకెను చూసి మోతాదు మార్చకూడదు. నోట్‌బుక్కు నిండా అంకెలు రాసి చేయి ఆపుకోవడం నేర్చుకున్నాను.

పెరుగన్నం

వాడికి దొరికినప్పటి నుంచీ మేం పెట్టింది పెరుగన్నం, పాలన్నం, మేం తినేటప్పుడు ఒక ముద్ద. రాయలవారి పిల్లిని పాలంటే పారిపోయేలా పెంచిన తెనాలి రామకృష్ణుడి కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ కథ అందరికీ అంత వింతగా తోచింది ఎందుకంటే, పిల్లికి పాలే తిండి అని మనం ఎన్నడో నమ్మేశాం. పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. ఇక అన్నం. పిల్లి పుట్టుకతో మాంసాహారి. లాలాజలంలో పిండిని విడగొట్టే ఎంజైమ్ లేదు. భోజనం తర్వాత వెల్లువలా వచ్చే గ్లూకోజ్‌ను పట్టి నిల్వచేసే గ్లూకోకైనేజ్ మన కాలేయంలో ఉన్నట్టు దాని కాలేయంలో లేదు. ఎలుకను తినేలా తయారైన ఒంటికి మనం రోజుకు మూడుసార్లు అన్నం పెట్టాం. ప్రేమతోనే పెట్టాం.

అమ్మకు ఇది అన్నింటికంటే కష్టమైంది. పక్కింటి వహీదా అయితే గోడ మీంచి తొంగిచూసి, "అన్నం బెట్టకుంటే పాపం గదా అక్కా, నోరు లేని జీవం" అంది. ఒక్కసారిగా మాన్పించకూడదు కూడా. పిండి తగ్గితే ఇన్సులిన్ అవసరం పడిపోతుంది, అదే మోతాదు కొనసాగిస్తే మళ్లీ తేనె సీసా వెతకాల్సి వస్తుంది. రెండు వారాల్లో, డాక్టరుకు చెబుతూ, ముద్ద ముద్దగా తగ్గించాం. ఇప్పుడు పిండి తక్కువున్న తడి తిండి పొట్లాలు, వాటితో ఉడికించిన కోడి. ఒట్టి ఉడికించిన కోడితోనే సరిపెట్టకూడదు. అందులో కాల్షియం చాలదు, టారిన్ ఉడికే నీళ్లలోకి పోతుంది. టారిన్ లేక పిల్లుల గుండె ఉబ్బి చనిపోతున్నాయని 1987లో అమెరికాలో తేల్చారు, ఆ తర్వాతే తయారీ తిండిలో దాన్ని పెంచారు.

అమ్మ మాత్రల డబ్బాలో నుంచి పిల్లికి ఏదీ ఇవ్వకూడదు. ఆమె తెల్ల ఇన్సులిన్‌లో త్వరగా పనిచేసే మందు కలిసి ఉంటుంది, పిల్లికి అది నప్పదు. షుగరున్న పిల్లుల కోసమే 2022లో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ ద్రవానికి అమెరికాలో అనుమతి ఇచ్చారు. ఇన్సులిన్ మొదలైన పిల్లికి అవి పనికిరావు, విషపు కీటోన్లు పుట్టే ప్రమాదముంది. అదే మందుల కుటుంబానికి చెందిన మాత్రలు మనుషుల షుగరు కోసం మన ఇళ్లలోనూ ఉంటాయి కాబట్టే ఈ హెచ్చరిక. షుగరున్న పిల్లి తిండి మానేసి, వాంతులు చేసుకుని, నీరసంగా పడుకుంటే తెల్లారేదాకా ఆగకూడదు.

కుండ

ఏప్రిల్, మే కదిరిలో నలభై డిగ్రీలు దాటుతుంది. ఇన్సులిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసాను మహా అయితే ముప్పై డిగ్రీల లోపు ఉంచవచ్చు. కరెంటు పోయి నాలుగైదు గంటలు రాని మధ్యాహ్నాల్లో ఫ్రిజ్ కూడా ఉత్త బీరువానే. అప్పుడు అమ్మ తన పుట్టింటి పద్ధతి బయటికి తీసింది. పెద్ద కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, అందులో నీళ్లు దూరని డబ్బాలో సీసాలు, పైన తడిగుడ్డ. గాలి ఎంత పొడిగా ఉంటే కుండ నుంచి తేమ అంత వేగంగా ఆవిరై లోపల అంత చల్లబడుతుంది. వానకు మొగం వాచిన ఈ నేల మీద వీచే పొడిగాలి మాకు ఆ ఒక్క మేలు చేసింది. లోపల థర్మామీటర్ పెట్టి చూశాం, కరెంటు వచ్చేదాకా ముప్పై దాటలేదు. బయటూరికి తీసుకెళ్లేటప్పుడు మంచుగడ్డలకు సీసా తగలకూడదు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూడ్డానికి మంచిదిలాగే ఉంటుంది, పనిచేయదు.

"చినుకు రాలని ఊర్లో పిల్లికి ఇన్సులినా?" అని ఒక బంధువు అడిగాడు. ఆయన ప్రశ్నలో తప్పు లేదు. కానీ గడ్డి దొరక్క ఎద్దులను సంతకు తోలి, ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టని తాతను చూసిన ఇల్లు మాది. నోరు లేని జీవం బాధ్యత ఎంత బరువుదో ఈ సీమకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా ఈ జబ్బు విషయంలో పిల్లి మనకు చాలా దగ్గరిది. షుగరున్న మనుషుల క్లోమంలో గడ్డకట్టే అమైలాయిడ్ ఏ ప్రొటీన్‌తో తయారవుతుందో 1987లో స్వీడన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నది, మనిషి క్లోమంలోని కణితితో పాటు షుగరున్న పిల్లి క్లోమాన్ని కూడా పరిశీలించే. అమ్మకు, బుడ్డోడికి లోపల జరిగింది చాలావరకు ఒకటే.

ఒకటి మాత్రం తేడా. ఇన్సులిన్ మానేయగలిగే అవకాశం పిల్లికి మనకంటే ఎక్కువ. రూంప్, రాండ్ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన పరిశీలనలో 55 పిల్లులున్నాయి. వాటికి యజమానులు ఇళ్లలోనే రోజుకు చాలాసార్లు షుగరు చూస్తూ, పిండి తక్కువున్న తిండి పెడుతూ గ్లార్జిన్ వేశారు. జబ్బు బయటపడిన ఆరు నెలల లోపు ఈ పద్ధతిలోకి వచ్చిన వాటిలో 84 శాతం ఇన్సులిన్ లేకుండా ఉండగలిగాయి. ఆలస్యంగా వచ్చిన వాటిలో 35 శాతమే. అంటే మొదటి నెలలు ఎంతో విలువైనవి.

మే చివర్లో బుడ్డోడి కర్వ్ అడుగున 80 దగ్గర తిరగడం మొదలైంది. మోతాదు అర యూనిట్‌కు, తర్వాత పావుకు దిగింది. కాళ్లు వేళ్ల మీదికి లేచాయి. మొన్న గోడెక్కి వహీదా వాళ్ల మల్లెపందిరి కింద పడుకున్నాడు. పోయిన వారం డాక్టరుగారు సూది ఆపి చూద్దామన్నారు. ఇన్సులిన్ లేకుండా నాలుగు వారాలు మామూలుగా గడిస్తే తప్ప జబ్బు వెనక్కి తగ్గిందని అనరట. తగ్గినా మళ్లీ రావచ్చట.

ఇవాళ తొమ్మిదో రోజు. పొద్దున చెవి గుచ్చితే 118. అమ్మది 164. రెండూ ఒకే నోట్‌బుక్కులో రాసి, ఎదురుగా తేదీ వేశాను.